తీర్పరి ఉన్నంత మాత్రాన తోడు ఉన్నట్టు కాదు

క్యాంపస్‌లో లైంగిక హింస గురించి ఎప్పుడు మాట వచ్చినా కాలేజీ యాజమాన్యాలు, విద్యాశాఖ అధికారులు, చివరికి చాలామంది తల్లిదండ్రులు కూడా ఒకటే జవాబు చెబుతున్నారు. చట్టం ఉంది, ఫిర్యాదులు విచారించే అంతర్గత ఫిర్యాదుల కమిటీ (ఐసీసీ) ఉంది, కారిడార్లలో కెమెరాలున్నాయి, మరీ పెద్ద విషయమైతే పోలీస్ స్టేషన్ ఉంది. ఇవన్నీ ఉండగా బాధితులకు అండగా నిలవడానికి, హింసను ముందే ఆపడానికి జీతమిచ్చి మరీ మనుషుల్ని పెట్టుకోవడం దేనికి అంటారు. పాఠం చెప్పడం అధ్యాపకుల పని, విచారించడం కమిటీ పని, శిక్ష వేయడం కోర్టు పని అన్నది ఈ వాదన సారం. వినడానికి పద్ధతిగా ఉంటుంది కాబట్టి అడ్డు చెప్పేవాళ్లు తక్కువ. కానీ ఈ పంపకంలో అసలు మనిషినే మరిచిపోయారు. ఫిర్యాదు చేసిన విద్యార్థిని, లేదా చేయాలా వద్దా అని లోలోపల నలిగిపోతున్న విద్యార్థిని మర్నాడు పొద్దున క్లాసుకు ఎలా వెళ్లాలో, రాత్రికి ఏ గదిలో పడుకోవాలో, ఇంట్లో ఏం చెప్పాలో చూసే బాధ్యత ఈ జాబితాలో ఎవరికీ లేదు. అది ఎవరికీ అప్పగించని పనిగా ఉన్నంతకాలం మిగతావన్నీ కాగితం మీదే పనిచేస్తాయని నా వాదన.

ముందు కమిటీ సంగతి చూద్దాం. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని అడ్డుకున్నందుకు 1992లో సామూహిక అత్యాచారానికి గురైన భన్వరీ దేవి ఉదంతం తర్వాత, 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటికి చట్టరూపం రావడానికి పదహారేళ్లు పట్టింది. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013 డిసెంబర్ 9న అమల్లోకి వచ్చింది. విద్యాసంస్థల కోసం యూజీసీ విడిగా తెచ్చిన 2015 నిబంధనలను 2016 మేలో ప్రకటించారు. ఈ చట్టం కింద ఐసీసీకి సాక్షుల్ని పిలిపించడం, పత్రాలు తెప్పించడం వంటి విషయాల్లో సివిల్ కోర్టుకున్న అధికారాలున్నాయి. అంటే అది ఒక చిన్నపాటి న్యాయస్థానం. ఇరుపక్షాలనూ సమానంగా వినాలి, ఎవరివైపూ మొగ్గు చూపకూడదు, సాక్ష్యాన్ని తూచి చెప్పాలి. అలా ఉండటమే దాని ధర్మం, దాని బలం. సరిగ్గా ఆ కారణం వల్లే అది బాధితురాలికి తోడు కాలేదు. ఒక కమిటీ సభ్యురాలు పొద్దున ఆమె కన్నీళ్లు తుడిచి, మధ్యాహ్నం ఆమె వాంగ్మూలంలోని తేడాలను ప్రశ్నిస్తే రెండు పనులూ చెడిపోతాయి. న్యాయం చెప్పే మనిషీ అండగా ఉండే మనిషీ ఒకరే కావడం ఇరుపక్షాలకూ అన్యాయం.

ఫిర్యాదు దగ్గర ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూస్తే ఈ లోటు ఎంత పెద్దదో తెలుస్తుంది. చట్టం కింద చేసిన నియమాల ప్రకారం ఫిర్యాదు రాతపూర్వకంగా, ఆధారాలతో, సాక్షుల పేర్లు, చిరునామాలతో ఆరు ప్రతులు ఇవ్వాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఇవ్వాలి. తగిన కారణముంటే మరో మూడు నెలలు గడువు పొడిగించవచ్చు. విచారణలో ఏ పక్షమూ లాయరును తెచ్చుకోకూడదు. పల్లెటూరి తెలుగు మీడియం బడి నుంచి వచ్చి రెండో ఏడాది ఇంజనీరింగ్ చదువుతున్న అమ్మాయిని తలచుకోండి. ఆరోపణ ఉన్నది ఆమె విభాగంలోని అధ్యాపకుడి మీద. ఆమె ఇంగ్లిష్‌లో తేదీలవారీగా ఫిర్యాదు రాయాలి, ఎవరికంటా పడకుండా ఆరు ప్రతులు తీయించుకోవాలి. కాలేజీ జిరాక్స్ షాపులో అది సాధ్యమేనా? ల్యాబ్ రికార్డు మీద సంతకం పెట్టాల్సింది ఆయనే, ఇంటర్నల్ మార్కులు వేయాల్సిందీ ఆయనే. ఆయన ఎదురుపడతాడేమోనని వారాల తరబడి క్లాసు మానేస్తే హాజరు 75 శాతం కిందికి దిగుతుంది. హాజరు మినహాయింపు (కండొనేషన్) కోసం కారణం రాసివ్వాలి, ఆ కారణం ఆఫీసులో నలుగురి చేతులు దాటి వెళ్తుంది. విచారణకు చట్టమిచ్చిన గడువు 90 రోజులు, అంటే దాదాపు ఒక సెమిస్టర్ బోధన కాలం. కమిటీ నూటికి నూరు పాళ్లు నిజాయితీగా, గడువులోపే పని ముగించినా ఆ లోపల అమ్మాయికి రెండు సబ్జెక్టులు పోతాయి, స్నేహితులు దూరమవుతారు, ఇంటినుంచి చదువు మానిపించే కబురు వస్తుంది.

ఇలా జరగకూడదనే యూజీసీ నిబంధనల్లో మధ్యంతర ఉపశమనం అని ఒక భాగం పెట్టారు. ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి ఫిర్యాదుదారు పరీక్షలను, పనిని మూల్యాంకనం చేయకుండా ఆపవచ్చు. ఇద్దరిలో ఒకరిని వేరే సెక్షన్‌కో విభాగానికో మార్చవచ్చు. చదువుకు నష్టం రాకుండా మూడు నెలల వరకు సెలవు ఇవ్వవచ్చు. అంతేకాదు, కౌన్సెలింగ్ సేవలు సంస్థలో భాగంగా ఉండాలనీ, శిక్షణ పొందిన పూర్తికాలపు కౌన్సెలర్లు ఉండాలనీ అవే నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి నేను కొత్తగా ఏదో వింత కోరడం లేదు. ఈ హక్కులు ఉన్నాయని ఆ అమ్మాయికి ఎవరు చెబుతారు, కమిటీకి దరఖాస్తు ఎవరు రాయించి పెడతారు, కమిటీ సిఫార్సు చేశాక పరీక్షల విభాగంతో, వార్డెన్‌తో మాట్లాడి ఆ మార్పు నిజంగా జరిగిందో లేదో ఎవరు చూస్తారు అన్నదే ప్రశ్న. ఆ పని ఒకరి ఉద్యోగంగా లేకపోతే నిబంధన ఉండి ప్రయోజనం లేదు.

ఒడిశాలోని బాలేశ్వర్ ఫకీర్ మోహన్ కాలేజీలో 2025 జూలైలో జరిగింది ఈ సందర్భంలో గుర్తుచేసుకోక తప్పదు. తన విభాగాధిపతి మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు ఇచ్చిన ఇరవై ఏళ్ల బీఈడీ విద్యార్థిని జూలై 12న క్యాంపస్‌లోనే నిప్పంటించుకుంది. రెండు రోజుల తర్వాత భువనేశ్వర్ ఎయిమ్స్‌లో చనిపోయింది. విభాగాధిపతినీ, ప్రిన్సిపాల్‌నూ పోలీసులు అరెస్టు చేశారు. నేరం తేల్చాల్సింది కోర్టు. కానీ ఒక సంగతి తేల్చడానికి కోర్టు అక్కర్లేదు. ఆ కాలేజీలో కమిటీ లేకపోలేదు. ఫిర్యాదు దాని ముందుకు వెళ్లింది. ఫిర్యాదు ఇచ్చిన నాటి నుంచి నిప్పంటించుకున్న నాటి వరకు ఆమె ప్రాణం గురించి, మనసు గురించి పూచీ పడాల్సిన బాధ్యత మాత్రం సంస్థలో ఫలానా వారిదని లేదు. "కమిటీ ఉంది కదా" అనేవాళ్లు ఈ ఉదంతానికి ఏం జవాబు చెబుతారో నేను వినాలనుకుంటున్నాను.

ఇక్కడ ఒక ఎదురువాదం వస్తుంది: మహిళా అధ్యాపకులు ఉన్నారు, మహిళా సాధికారత విభాగం ఉంది, పిల్లలు ఆ మేడమ్‌తో చెప్పుకోవచ్చు కదా అని. ఆ మేడమ్‌లలో చాలామంది తమ మంచితనంతో ఎంతోమంది అమ్మాయిల్ని నిలబెట్టినవాళ్లే. వాళ్లమీద నాకు గౌరవమే ఉంది. కానీ వాళ్ల పరిస్థితి ఏమిటో చూడాలి. వారానికి ఇన్ని గంటలని బోధన, పైన పరీక్షల డ్యూటీ, న్యాక్ ఫైళ్లు, అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగడం. వీటి మధ్య, అత్యాచారం గురించి మొదటిసారి నోరు విప్పిన పిల్లను ఎలా వినాలో ఏ శిక్షణా ఇవ్వకుండా ఈ పనిని ఒక అదనపు బాధ్యతగా అంటగడతారు. ప్రైవేటు కాలేజీలో ఆ అధ్యాపకురాలి ఉద్యోగం ఏడాది ఏడాదికీ యాజమాన్యం దయ మీద ఉంటుంది. ఆమె పనితీరు నివేదిక రాసేది హెచ్ఓడీ. ఆరోపణ ఆ హెచ్ఓడీ మీదే అయితే ఆమె ఎటు నిలబడాలి? వైస్ ఛాన్సలర్, రిజిస్ట్రార్, డీన్లు, విభాగాధిపతులు ఐసీసీలో సభ్యులుగా ఉండకూడదని యూజీసీ నిబంధన పెట్టింది ఈ ఒత్తిడి తెలిసే. అదే ఒత్తిడి కింద నలిగే జూనియర్ అధ్యాపకురాలిని మాత్రం బాధితురాలికి ఏకైక దిక్కుగా చూపిస్తున్నాం. దయ మీద నడిచే ఏర్పాటు ఆ ఒక్క మనిషి బదిలీతో ఆగిపోతుంది.

రెండో అభ్యంతరం కాస్త పదునైనది. బాధితురాలి పక్షాన సంస్థే ఒక ఉద్యోగిని నియమిస్తే విచారణ మొదలు కాకముందే అవతలివాడిని దోషిగా తేల్చినట్టు కాదా, అబద్ధపు ఫిర్యాదులకు ఊతమిచ్చినట్టు కాదా అని అడుగుతారు. నిర్దోషి బలి కాకూడదన్న ఆందోళన న్యాయమైనదే. అయితే ఆసుపత్రిలో నర్సు గాయానికి కట్టు కట్టేముందు ఎవరు కొట్టారో తేల్చదు. తోడుండే ఉద్యోగి కమిటీలో కూర్చోదు, ఓటు వేయదు, నివేదిక రాయదు. ఆమె పక్కనుంటే ఫిర్యాదు స్పష్టంగా, క్రమంగా, గడువులోపు అందుతుంది. కమిటీకి తూచడానికి సరైన వాంగ్మూలం దొరుకుతుంది. ఇది ఆరోపణ ఎదుర్కొంటున్నవాడికీ మంచిదే. అతనికి కూడా విచారణ పద్ధతి వివరించి చెప్పే మరో మనిషి ఉంటే నాకు అభ్యంతరం లేదు, ఉండాలనే అంటాను. ఇక తప్పుడు ఫిర్యాదుల మాట. దురుద్దేశంతో ఇచ్చినట్టు రుజువైతే చర్య తీసుకోవడానికి 2013 చట్టంలోని 14వ సెక్షన్ ఉంది. కేవలం రుజువు చేయలేకపోవడం అబద్ధం కిందికి రాదని అదే సెక్షన్ చెబుతోంది. ఈ రెండో సగాన్ని మాత్రం కాలేజీ నోటీసు బోర్డుల మీద చూడటం అరుదు. మొదటి సగాన్నే పెద్ద అక్షరాలతో చూపిస్తే ఫిర్యాదు చేయబోయే పిల్ల నోరు అక్కడే మూతపడుతుంది.

తోడు మనిషి వల్ల నిజంగా తేడా వస్తుందా? వస్తుందనడానికి ఆధారాలున్నాయి. అమెరికాలో రెబెకా క్యాంప్‌బెల్ అనే పరిశోధకురాలు 2006లో ప్రచురించిన అధ్యయనంలో రెండు ఆసుపత్రులను పోల్చారు. ఒకచోట అత్యాచార బాధితులకు అండగా శిక్షణ పొందిన సహాయకులు ఉన్నారు, రెండోచోట లేరు. సహాయకులున్న చోట పోలీసు ఫిర్యాదులు ఎక్కువగా నమోదయ్యాయి, వైద్యసేవలు ఎక్కువగా అందాయి, అధికారుల తీరు వల్ల కలిగే రెండో గాయం తగ్గింది. డాక్టర్లూ పోలీసులూ రెండుచోట్లా ఉన్నారు. జెన్నిఫర్ ఫ్రైడ్, కార్లీ స్మిత్ 2013లో విశ్వవిద్యాలయ విద్యార్థినుల మీద చేసిన అధ్యయనం ఇంకో కోణం చూపింది: హింసకు తోడు, నమ్ముకున్న సంస్థ కూడా చేయి వదిలేసిందని భావించినవాళ్లలో ఆందోళన, మానసిక గాయపు లక్షణాలు మరింత తీవ్రంగా ఉన్నాయి. దూరం ఎందుకు, మన దగ్గరే చూడండి. హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం ఉద్దేశమే ఇది. పోలీసు సాయం, వైద్యం, న్యాయసలహా, కౌన్సెలింగ్ ఒకే కప్పు కింద దొరకాలని. 2015 నుంచి దేశమంతా వస్తున్న సఖి కేంద్రాల ఆలోచనా అదే. పిల్లల విషయంలో చట్టం ఇంకా ముందుకెళ్లింది. పోక్సో 2020 నియమాల కింద బాలల సంక్షేమ కమిటీ బాధిత బాలికకు సపోర్ట్ పర్సన్‌ను నియమిస్తుంది. ఈ ఏర్పాటును రాష్ట్రాలు పటిష్ఠంగా అమలు చేయాలని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. పదిహేడేళ్ల ఇంటర్ విద్యార్థినికి కేసు మొదలైన దగ్గర్నుంచి తోడు మనిషి అవసరమని ఈ దేశం ఒప్పుకుంది. మరుసటి ఏడాది డిగ్రీలో చేరేసరికి ఆ అవసరం ఎలా మాయమవుతుందో నాకు అర్థం కాదు.

ఇది పోలీసుల పని, కాలేజీ చేయి పెట్టకూడదు అనే వాదనలోనూ సగమే నిజముంది. నేరాన్ని కప్పిపుచ్చి, కాలేజీ పరువు పేరుతో రాజీ చేసే అధికారం ఏ సంస్థకూ లేదు. బాధితురాలు క్రిమినల్ కేసు పెట్టదలిస్తే సాయం చేయడం సంస్థ విధి అని చట్టమే చెబుతోంది. కానీ స్టేషన్‌కు వెళ్లాలా వద్దా అనేది పద్దెనిమిదేళ్లు నిండిన ఆడపిల్ల తాను తీసుకోవాల్సిన నిర్ణయం. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వవచ్చనీ, ఆసుపత్రులు ఉచితంగా చికిత్స చేయాలనీ, పోలీసు కాగితం లేకుండానే వైద్య పరీక్షకు వెళ్లవచ్చనీ, రెండు వేళ్ల పరీక్షను సుప్రీంకోర్టు 2022లో గట్టిగా నిషేధించిందనీ ఆమెకు తెలిస్తేనే ఆ నిర్ణయం ఆమె చేతిలో ఉన్నట్టు. మొదటి మూడు రోజుల్లో బట్టలు ఉతక్కుండా కాగితపు సంచిలో దాచుకోవాలన్న చిన్న విషయం కూడా ఆ వేళకు చెప్పేవాళ్లు లేక సాక్ష్యం నీళ్లపాలవుతుంది. ఇంటర్ పిల్లల దగ్గర, పద్దెనిమిది నిండని మొదటి ఏడాది పిల్లల దగ్గర ఇంకో జాగ్రత్త కావాలి. పోక్సో కింద తెలిసిన నేరాన్ని తెలియజేయక తప్పదు. ఆ సంగతి ఆమె అంతా చెప్పేశాక చెబితే అది నమ్మకద్రోహం అవుతుంది, మొదటి నిమిషంలోనే చెప్పాలి. ఇలాంటివన్నీ శిక్షణతో వచ్చే నైపుణ్యాలు.

ఇక నివారణ. మన దగ్గర నివారణ అంటే అమ్మాయిల కదలికల మీద కాపలా అని స్థిరపడిపోయింది. హాస్టల్ గేటుకు ఆరున్నరకే తాళం, లైబ్రరీకి వెళ్లడానికి వార్డెన్ చీటీ, ఇంటికి ఫోన్. అమ్మాయిల భద్రత పేరు చెప్పి హాస్టళ్లలో వాళ్లమీద అబ్బాయిలకు లేని ఆంక్షలు పెట్టకూడదని యూజీసీ నిబంధనలు సూటిగా చెప్పాయి. నిర్భయ ఘటన తర్వాత యూజీసీ వేసిన టాస్క్‌ఫోర్స్ 2013లో ఇచ్చిన సక్షమ్ నివేదిక కూడా నిఘా, కట్టడి భద్రత కావని తేల్చింది. అయినా 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీ కర్ మెడికల్ కాలేజీలో డాక్టర్ హత్యాచారం జరిగాక అక్కడి రాష్ట్ర ప్రభుత్వం చేసిన మొదటి సూచనల్లో మహిళలకు వీలైనంతవరకు రాత్రి డ్యూటీ తప్పించాలన్నది ఒకటి. సుప్రీంకోర్టు అడ్డుపడాల్సి వచ్చింది. ఆ కేసులో దోషిగా తేలినవాడు పోలీసులకు అనుబంధంగా పనిచేసే సివిక్ వాలంటీర్, ఆసుపత్రిలో స్వేచ్ఛగా తిరిగే వీలున్నవాడు. కెమెరా అతన్ని పట్టించడానికి పనికొచ్చింది, ఆమెను కాపాడలేదు. దేశంలో నమోదవుతున్న అత్యాచార కేసుల్లో ఏటా నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. క్లాస్‌మేట్, సీనియర్, గైడ్, బంధువు. గేటుకు వేసే తాళం వీళ్లను ఆపదు.

అవగాహన సదస్సు పెడుతున్నాం కదా అనేవాళ్లూ ఉన్నారు. ఏడాదికోసారి సెమినార్ హాల్లో రెండు వందల మందిని కూర్చోబెట్టి, ఒక అతిథి ఉపన్యాసం, ఫోటోలు, నివేదికలో ఒక పేజీ. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ పరిశోధకులు 2014లో లైంగిక హింస నివారణ కార్యక్రమాల మీద వచ్చిన 140 మూల్యాంకనాలను జల్లెడ పట్టారు. ప్రవర్తనను మార్చినట్టు గట్టి రుజువు దొరికినవి మూడే. ఒక్క పూటలో ముగిసే ఉపన్యాసాలు వాటిలో లేవు. ఆ మూడింటిలో ఒకటైన షిఫ్టింగ్ బౌండరీస్ న్యూయార్క్ నగరంలోని 30 మిడిల్ స్కూళ్లలో జరిగింది. బడిలో ఎక్కడెక్కడ భయంగా ఉంటుందో విద్యార్థులే పటం గీసి చూపించారు, సరిగ్గా ఆ చోట్ల సిబ్బందిని ఉంచారు. క్లాసులో పాఠం మాత్రమే చెప్పిన చోట ఫలితం రాలేదు. సిబ్బందిని కదిలించిన చోట వేధింపులు తగ్గాయి. బడిపిల్లల మీద వచ్చిన ఫలితాన్ని యథాతథంగా డిగ్రీ కాలేజీకి అతికించలేం, నిజమే. కానీ విశ్వవిద్యాలయాల్లోనూ ఇలాంటి రుజువు ఉంది. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో 893 మంది మొదటి ఏడాది విద్యార్థినులతో ఛార్లీన్ సెన్ బృందం చేసిన ప్రయోగం 2015లో వచ్చింది. శిక్షకులు పన్నెండు గంటలపాటు నడిపిన కార్యక్రమంలో పాల్గొన్నవాళ్లలో ఏడాదిలోపు అత్యాచారానికి గురైనవాళ్లు 5.2 శాతం, కరపత్రాలు మాత్రమే అందుకున్నవాళ్లలో 9.8 శాతం. కరపత్రానికీ మనిషికీ ఉన్న తేడా ఆ రెండు అంకెల్లో ఉంది. అబ్బాయిలకు నేర్పాల్సిన పని ఇంకా ఎక్కువే ఉంది, దాని గురించి విడిగా రాయాలి. ఒక్క మాట మాత్రం ఇక్కడే చెప్పాలి: నివారణలో ల్యాబ్ అసిస్టెంట్, కాలేజీ బస్ డ్రైవర్, సెక్యూరిటీ గార్డు, మెస్‌లో వడ్డించే ఆమె కూడా భాగం. ఏ మూల ఎవరు ఎవరిని వేధిస్తున్నారో ప్రిన్సిపాల్ కంటే ముందు తెలిసేది వాళ్లకే. తెలిసినదాన్ని ఎవరికి చెప్పాలో, చెబితే తమ ఉద్యోగానికి ఏమీ కాదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

చివరికి అందరూ వచ్చి ఆగేది డబ్బు దగ్గర. మూడు వందల మంది పిల్లలున్న మండల కేంద్రపు డిగ్రీ కాలేజీకి పూర్తికాలపు కౌన్సెలర్ భారమేనని నేనూ ఒప్పుకుంటాను. అలాంటి చోట నాలుగైదు కాలేజీలు కలిసి ఒకరిని పెట్టుకోవచ్చు, జిల్లా సఖి కేంద్రంతో ఒప్పందం చేసుకుని వారానికి రెండు రోజులు అక్కడి కౌన్సెలర్‌ను రప్పించుకోవచ్చు. వేలమంది చదువుతూ, ప్లేస్‌మెంట్ సెల్‌కూ ప్రచారానికీ జీతగాళ్లను పెట్టుకునే ఇంజనీరింగ్ కాలేజీ ఈ సాకు చెప్పకూడదు. సోషల్ వర్క్‌లోనో సైకాలజీలోనో పీజీ చదివి పనిలేక తిరుగుతున్న ఆడపిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వాళ్లను తీసుకోండి, నిమ్హాన్స్ వంటి సంస్థల నిపుణులతో శిక్షణ ఇప్పించండి. అయితే నియామకం కాలేజీ చేతిలో ఉన్నా తొలగింపు ఒక్క యాజమాన్యం చేతిలో ఉండకూడదు. విశ్వవిద్యాలయం అనుమతి లేనిదే పంపించకూడదు. ఆమె నోట్సు ప్రిన్సిపాల్ అడిగినా ఇవ్వనక్కర్లేదని రాతపూర్వకంగా ఉండాలి. అబ్బాయిలు, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు వచ్చినా తలుపు తెరిచే ఉండాలి. యూజీసీ నిబంధనలు వాళ్లను కూడా గుర్తించాయి. ఏటా అనుబంధ గుర్తింపు తనిఖీకి వచ్చేవాళ్లు ల్యాబుల్లో కంప్యూటర్లు లెక్కపెడతారు, అధ్యాపకుల అర్హత పత్రాలు ఒక్కొక్కటీ చూస్తారు. అదే తనిఖీ పత్రంలో ఈ ఉద్యోగి పేరు, అర్హత, నియామక తేదీ, పొందిన శిక్షణ, ఆమె కూర్చునే గది ప్రిన్సిపాల్ ఆఫీసుకు ఎంత దూరంలో ఉందో అడగాలి. ఆ గడులు ఖాళీగా ఉన్న కాలేజీకి వచ్చే ఏడాది సీట్లు కోయాలి.